బుట్టలో లేని ఇల్లు

గుమ్మడికాయ కిలో ఎంతో చూడడానికి నిరుపమ మోకాళ్ళ మీద కూర్చోవలసి వచ్చింది. ధర చీటీ అట్టడుగు అరకి అంటించి ఉంది, దాని మీద ఎగిరొచ్చిన ఉల్లిపొట్టు పడి ఉంది. పొట్టు తీసేసి, అంకె చూసి, చేతిలోని టాబ్‌లో కొట్టింది. పోయిన వారం కంటే నలభై సెంట్లు తక్కువ. అంత తేడా వస్తే టాబ్ ఊరుకోదు, మరోసారి చూసి రమ్మని ఎర్రగీత పెడుతుంది. మళ్ళీ వంగి చూసింది. తక్కువే.

గణాంకాల శాఖకి ధరలు సేకరించి పంపడం ఆమె ఉద్యోగం. పామర్‌స్టన్ నార్త్‌లో మూడేళ్ళుగా అదే పని. పళ్ళూ కూరలూ వారం వారం, మిగతావి నెలనెలా. ఎప్పుడూ అవే షాపులు, అదే కంపెనీ, అదే తూకం. ఆరు వందల గ్రాముల బ్రెడ్డు చూడమంటే అదే చూడాలి, పక్కన ఏడు వందలది చవగ్గా ఉందని దాన్ని రాస్తే కుదరదు. బిస్కెట్ పాకెట్ ధర మారకుండా లోపల రెండు బిస్కెట్లు తగ్గితే, ఆ సంగతి కనిపెట్టి రాయాలి. అలాంటి దొంగ పాకెట్ పట్టుకున్న రోజు నిరుపమకి పండగ. దేశమంతా ఆమెలాంటి వాళ్ళు తెచ్చిన ధరలన్నీ ఒక లెక్కల బుట్టలో పోసి, ఆ బుట్ట ఖరీదు ఏడాదిలో ఎంత పెరిగిందో మూడు నెలలకోసారి ప్రకటిస్తారు. అదే ద్రవ్యోల్బణం. జనవరిలో ప్రకటించినప్పుడు అది సున్నా పాయింట్ ఒక శాతం. అంటే దాదాపు ఏమీ పెరగనట్టే.

"ఏంటి, మా గుమ్మడికాయ ముందు మోకరిల్లావు?" అన్నాడు బ్రూస్. కూరల విభాగం అతనిది, చేతిలో క్యాబేజీల పెట్టె ఉంది. "అవతలి షాపులో ఎంతుందేం?"

"ఆ వివరాలు బయట చెప్పకూడదు బ్రూస్."

అతను నవ్వాడు, ఆమె నవ్వింది. ప్రతి గురువారం అతను అడుగుతాడు, ప్రతి గురువారం ఆమె ఆ మాటే చెప్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నేర్పిన మాట అది. ఏ షాపులో ఏ సరుకు చూస్తామో, ఎంత రాసుకున్నామో ఎవరికీ చెప్పబోమని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. చదువుకోడానికి వచ్చి, పెట్రోల్ బంకుల్లో రాత్రి షిఫ్టులు చేసి, ఈ దేశంలో ఆమె గర్వంగా పెట్టిన సంతకం అదొక్కటే.

ఆ నియమాన్ని ఒక్క చోటే తప్పుతుంది, ఇంట్లో. సాయంత్రం రవికిరణ్ స్టవ్ దగ్గర ఉంటాడు. ఆమె కౌంటరు ఎక్కి కూర్చుని కాళ్ళూపుతూ ఆ వేళ చూసినదంతా వెళ్ళబోసుకుంటుంది. "ఇవాళ క్యాప్సికం ఎంతుంది?" అని అతనే మొదలుపెడతాడు. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరికీ తీరిగ్గా మాట్లాడుకునే అలవాటంటూ మిగిలింది అదే. మొగుడికి చెప్తే బయట చెప్పినట్టు కాదని ఆమె నమ్మకం.

పార్కింగ్‌లో కారు స్టార్ట్ చెయ్యగానే రేడియో అందుకుంది. ఎవరూ అనుకోకుండా రిజర్వ్ బ్యాంకు ఆ ఉదయం వడ్డీ రేటు పావు శాతం తగ్గించింది. ధరలు బొత్తిగా పెరగడం లేదు, అప్పు చవకైతే జనం ఖర్చు పెడతారు, అప్పుడు కాస్త పెరుగుతాయని ఎవరో వివరిస్తున్నారు. నిరుపమకి భలే సంతోషమేసింది. తను మోకాళ్ళ మీద కూర్చుని రాసిన గుమ్మడికాయకి కూడా అందులో వంతుంది. ఆ సంతోషంలోనే రవికి ఫోన్ చేసింది.

"విన్నావా? రేటు తగ్గించారు. మన ఇంటి లోను ఇంకా తేలికవుతుంది."

"ఊఁ. అంకుల్ ఇందాకే చెప్పారు" అన్నాడు రవి.

"అదేంటి, అంత చప్పగా అంటావు?"

"కస్టమర్లున్నారు నిరూ. తర్వాత మాట్లాడతా."

అంకుల్ అంటే శ్రీనివాసమూర్తి గారు. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ ఆయన అంకులే. ఇండియన్ గ్రోసరీ షాపు ఆయనది, రవి అందులో మేనేజరు. నాలుగు అద్దె ఇళ్ళు కూడా ఉన్నాయి, నిరుపమ వాళ్ళుండేది అందులో ఒకటి. దీపావళి భోజనాల దగ్గర నలుగురిలో రవి భుజం మీద చెయ్యేసి, "ఆ ఇల్లు మీకే ఇస్తానురా, రెండు లక్షల అరవై ఐదు వేలకి. బ్యాంకు ఊ అన్న రోజున రాసుకుందాం" అన్నారు. బ్యాంకు జనవరిలో ఊ అంది. అప్పుడు పుష్యమాసం. శూన్యమాసంలో ఇల్లేంటమ్మా, మాఘం రానివ్వండి అన్నారు. మాఘం వచ్చేసరికి ఆయన భార్య, అంటే ఆంటీ, కాకినాడ వెళ్ళారు, ఆవిడ సంతకం కూడా కావాలన్నారు. అద్దె మాత్రం వారానికి పది డాలర్లు పుష్యమాసంలోనే పెంచారు, దానికి మాసాలు అడ్డురాలేదు. అయినా నిరుపమ వాళ్ళు కాగితం అడగలేదు. పెద్దాయన నోటితో అన్నాక కాగితం అడిగితే, మిమ్మల్ని నమ్మడం లేదని మొహాన చెప్పినట్టే కదా.

*

శనివారం పదకొండు గంటలకి తలుపు తట్టారు. ఎర్ర కోటు వేసుకున్న ఇళ్ళ ఏజెంటు ఒకామె, వెనక కెమెరా పట్టుకున్న మనిషి. కూతురు సిరి సోఫాలో కాళ్ళు ముడుచుకుని పుస్తకం చదువుకుంటోంది.

"ఫొటోలకి వచ్చాం. మిస్టర్ మూర్తి మీతో చెప్పానన్నారు" అంది ఏజెంటు.

నిరుపమ రవి వైపు చూసింది. రవి సింకు దగ్గర గ్లాసు కడుగుతున్నాడు. అదివరకే కడిగిన గ్లాసది.

"పొరపాటు పడ్డట్టున్నారు. ఈ ఇల్లు మేం కొనుక్కుంటున్నాం" అంది నిరుపమ.

ఏజెంటు మొహంలో మర్యాద చెదరలేదు. చేతిలో ఫైలు ఓసారి చూసుకుంది. "అదేం రాసి లేదే. ఆక్లాండ్ నుంచి నిన్న ఒక్కరోజే ముగ్గురు ఫోన్ చేశారు. మూడు లక్షలు పైనే పలుకుతుంది. రేట్లు దిగాయి కదా, అక్కడ కొనలేని వాళ్ళంతా ఇటు చూస్తున్నారు" అంది. తర్వాత గోడ మీద వేలితో రాసి చూసి, "పెయింటు చాలా బావుంది. బయట చెక్క గోడలక్కూడా కొత్తగా వేశారు. ఎవరు వేశారు?" అని అడిగింది.

జనవరిలో షాపు సెలవు దొరికిన పది రోజులూ రవి నిచ్చెన మీదే ఉన్నాడు. పాత రంగు గీకి, పగుళ్ళు పూడ్చి, రెండు పూతలు వేశాడు. నిరుపమ కిటికీ అద్దాల అంచులకి టేపు అంటించింది. సిరి చిన్న బ్రష్షుతో ఉత్తరాల పెట్టెకి పసుపు రంగు వేసింది. సొంత ఇల్లు కాబోతోందని అంకుల్‌ని రంగు డబ్బాల ఖర్చు కూడా అడగలేదు.

"మేమే" అంది నిరుపమ.

"దీని వల్లే ఇంకో పదివేలు వస్తాయి" అని ఏజెంటు మెచ్చుకుంది.

కెమెరా మనిషి సిరిని లేచి పక్కకి వెళ్ళమన్నాడు. సిరి పుస్తకంలో వేలు పెట్టుకునే లేచి, "ఆర్ వీ మూవింగ్, అమ్మా?" అంది. స్కూలు రెండు వీధుల అవతలే, దానికి దాని స్నేహితులందరూ ఇక్కడే. నిరుపమ దాని తల నిమిరింది.

వాళ్ళు వెళ్ళాక రవి, "అంకుల్‌తో నేను మాట్లాడతాలే" అన్నాడు. ఆ మాట గ్లాసుతో అన్నాడు, ఆమెతో కాదు.

"నీకు ముందే తెలుసా?"

"గురువారం చెప్పారు. రేటు దిగింది, ఇప్పుడు పాత ధరకిస్తే నేను పిచ్చివాణ్ణవుతానన్నారు. నీకెలా చెప్పాలో తెలీలేదు."

రెండు రోజులు. రెండు రోజులు పక్కనే పడుకుని, పక్కనే తిని, ఈ సంగతి దాచాడు. నిరుపమకి కోపం కంటే సిగ్గు ఎక్కువేసింది. ఆ రెండు రోజులూ తను కర్టెన్ల గురించి మాట్లాడింది.

*

ఆదివారం ఆమె ఒక్కతే వెళ్ళింది. వద్దని రవి అనలేదు, వస్తాననీ అనలేదు. కిటికీ చట్రం ఒకటి మిగిలిపోయిందని బ్రష్షు తీసుకుని బయటికి పోయాడు. అమ్మేస్తున్న ఇంటికి ఇంకా రంగు వేస్తున్నాడు మానవుడు.

శ్రీనివాసమూర్తి గారు ఎప్పట్లాగే ఆప్యాయంగా లోపలికి పిలిచారు. కాకినాడ నుంచి తిరిగొచ్చిన అనంతలక్ష్మి ఆంటీ స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి ఇచ్చి, సోఫా చివర కూర్చుంది.

"బాధగా ఉంటుందమ్మాయ్, నాకు తెలుసు. కానీ ఇదంతా నేను చేశానా? మార్కెట్ చేసింది. మూడు లక్షల పది ఇస్తామంటున్నారు. నువ్వైనా ఏం చేస్తావు చెప్పు?"

"మీరు మాటిచ్చారు అంకుల్."

"ఇచ్చాను. అప్పటి రేటుకి అప్పటి మాట."

"రవి జీతం సంగతి వచ్చినప్పుడు మార్కెట్ అనలేదు కదండీ." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పేపర్లో అంకె చూపించారు. ధరలు సున్నా పాయింట్ ఒక శాతమే పెరిగాయి, జీతం కూడా అంతే పెంచుతానన్నారు. గంటకి రెండు సెంట్లు పెంచారు."

"అవును మరి, అది మీ ఆఫీసు వాళ్ళ అంకే. నేను పుట్టించలేదుగా." ఆయన నవ్వారు. నిజంగానే సరదాగా నవ్వారు.

ఆయన పుట్టించలేదు. నిరుపమే పుట్టించింది, కొంత. ఆ బుట్టలో బ్రెడ్డుంది, పెట్రోలుంది, గుమ్మడికాయుంది, జుట్టు కత్తిరించే కూలి ఉంది. చేతులు మారే పాత ఇళ్ళ ధర మాత్రం అందులో లేదు. ట్రైనింగులో చెప్పినప్పుడు ఎవరో ఎందుకని అడిగారు. ఇల్లు తినే వస్తువు కాదు, పెట్టుబడి అన్నారు. అప్పుడామె తలూపి రాసుకుంది. జీతానికి ఆ అంకె, ఇంటికి మార్కెట్. ఒకే మనిషి ఒకే నోటితో రెండూ చెప్తుంటే, ఎదురుగా కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చోవడం ఆమెకి ఎంతో అవమానంగా అనిపించింది.

"సరే, నువ్వింత బాధపడుతున్నావు కాబట్టి ఒక దారి చెప్తాను" అని ఆయన ముందుకి జరిగారు. "ఏప్రిల్లో మళ్ళీ అంకె వస్తుంది కదా. అది ఎటు పోతోందో నాకు కాస్త ముందుగా చెప్పు. జూన్లో మళ్ళీ రేటు దించుతారనుకుంటే డునెడిన్‌లో అద్దెకిచ్చే ఇళ్ళు ఇంకో రెండు కొనాలని ఉంది. లేదంటే ఆగుతాను. నువ్వు చెప్పావంటే రేపే ఏజెంటుని ఆపేస్తాను. పాత ధరకే ఇల్లు మీది."

"ఆ అంకె మాకెవరికీ తెలీదు అంకుల్. మేం ధరలు పంపిస్తాం, అంతే. మీరు పేపర్లో చూసిన రోజే మేమూ చూస్తాం."

"అంకె అక్కర్లేదమ్మా. నువ్వు చూసొచ్చినవి చాలు. ఇన్నాళ్ళూ రవి చెప్పిన దాంతోనేగా నెట్టుకొచ్చాను."

నిరుపమ గ్లాసు పట్టుకునే ఆగింది. "రవి ఏం చెప్పాడు?"

"ప్రతి శుక్రవారం చెప్తాడుగా. పొద్దున్నే కూరలకి ధర చీటీలు రాసేటప్పుడు. ఏ సూపర్‌మార్కెట్లో ఏది చూశావు, ఎంతుంది, పోయిన వారం ఎంత. దాన్ని బట్టే మన షాపులో పది సెంట్లు తగ్గించి రాసేవాళ్ళం. చలాకీ కుర్రాడు, ఊరికే మేనేజర్ని చేశానా?" ఆయన దాపరికమేమీ లేకుండా చెప్పుకుపోతున్నారు. "జనవరిలోనే అన్నాడు, అన్నీ పడిపోతున్నాయంకుల్, నిరుపమ ఇలాంటిది ఎప్పుడూ చూడలేదంటోంది అని. అయితే రేటు దించక తప్పదు, ఇప్పుడిల్లు రాసిస్తే తొందరపాటే అనుకున్నాను. ఈ మధ్య మాత్రం వాడు సగం మర్చిపోతున్నాడు. అందుకే నిన్నే అడుగుతున్నా."

పుష్యమాసం సంగతి అదన్నమాట. గది అలాగే ఉంది, ఆంటీ అలాగే కూర్చుంది. వంటింటి కౌంటరు మీద కాళ్ళూపుతూ నిరుపమ చెప్పిన ప్రతి మాటా మర్నాడు పొద్దున ఈయన దగ్గరికి చేరింది. తన నోటితోనే తన ఇల్లు పోగొట్టుకుంది. మోసుకొచ్చింది మొగుడు.

ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు. పెట్రోలు దిగింది, పాలు దిగాయి, జూన్లో మళ్ళీ దించుతారు అని. నిజమో కాదో ఎవరికి తెలుసు. సిరి స్కూలు మారక్కర్లేదు. నిరుపమ ఆ మాట నోటి దాకా తెచ్చుకుంది.

"ఒక కాగితం మీద రాసివ్వండి అంకుల్, ఇల్లు మాకేనని. రాసి సంతకం పెట్టండి" అంది.

ఆయన మొహం చిన్నబోయింది. "మన మధ్య కాగితాలేంటమ్మా? నా మాట మీద నమ్మకం లేదా?"

ఆ మనిషి నిజంగానే నొచ్చుకున్నారు. అది చూశాక ఆమెకి ఇంక ఊగిసలాట లేకపోయింది. కాఫీ గ్లాసు టీపాయ్ మీద పెట్టేసి లేచింది.

"నేను కాగితం మీదే సంతకం పెట్టానండీ, ఎవరికీ చెప్పనని. వస్తాను."

గుమ్మం దగ్గర ఆంటీ ఎప్పట్లాగే కరివేపాకు రెమ్మలు కవర్లో పెట్టి ఇచ్చింది. "ఆయనంతేనమ్మా. డబ్బులు సిద్ధంగానే ఉన్నాయిగా, ఇంకోటి చూసుకోండి" అంది మెల్లిగా. ఈ ఊళ్ళో కరివేపాకు దొరకడం కష్టం. అలవాటుగా చెయ్యి చాపి తీసుకుంది. కారులో కూర్చున్నాక ఆ కవరు చూసి తన మీద తనకే అసహ్యమేసింది.

*

రవి నిచ్చెన మీద ఉన్నాడు. కారు చప్పుడుకి తిరిగి, ఆమె మొహం చూసి, బ్రష్షు డబ్బా అంచుకి నొక్కి రంగు తుడిచి జాగ్రత్తగా పక్కన పెట్టాడు.

"ప్రతి శుక్రవారమా?" అంది నిరుపమ.

అతను దిగాడు. చేతులు గుడ్డకి తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది. "అరల మీద ధరలే కదా నిరూ. ఎవరైనా వెళ్ళి చూడొచ్చు."

"ఏ షాపులో ఏది రాసుకుంటానో ఎవరైనా చూడలేరు. అది నీకు మాత్రమే తెలుసు."

"ఆయన్ని మంచి చేసుకుంటే ఇల్లు గ్యారంటీ అనుకున్నా. ఇంటి కోసమే చేశాను. నాకేమైనా డబ్బులిచ్చాడా ఆయన?"

అతను అబద్ధమాడడం లేదని ఆమెకి తెలుసు. అదే ఎక్కువ బాధ. డబ్బు కోసం చేసుంటే దొంగ అని తిట్టి ఊరుకునేది. తమ ఇల్లు కోసమే తన మాటలు తీసుకెళ్ళి పెద్దాయన చేతిలో పోశాడు. ఆయన ఆ మాటలూ ఉంచుకున్నాడు, ఇల్లూ ఉంచుకున్నాడు.

"నాతో మాట్లాడుతున్నావనుకున్నాను రవీ" అంది. "సాయంత్రాలు క్యాప్సికం ఎంత అని అడిగితే, నాతో మాట్లాడ్డానికి అడుగుతున్నావనుకున్నాను."

"మాట్లాడ్డానికే" అన్నాడు రవి.

సోమవారం నిరుపమ వెల్లింగ్టన్‌లో తన సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి, ఇంట్లో తను వాగినదీ అది ఎక్కడికి చేరిందీ దాచకుండా చెప్పింది. చెప్పి మంచిపని చేశావు, పై వాళ్ళతో మాట్లాడి కబురు చేస్తాం, అప్పటి దాకా నీ పని నువ్వు చెయ్యి అంది సూపర్‌వైజర్. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ గొంతును బట్టి తెలియలేదు. బుధవారం ఇల్లు అమ్ముడైపోయింది. ఆక్లాండ్ వాళ్ళు చూడకుండానే, ఫొటోలు చూసే కొన్నారు.

*

గురువారం వచ్చింది. గుమ్మడికాయ ఇంకో పది సెంట్లు దిగింది. బ్రూస్ అడిగాడు, ఆమె చెప్పకూడదంది, ఇద్దరూ నవ్వారు. క్యాప్సికం పెరిగింది. ఎర్రగీత వస్తే మళ్ళీ వెళ్ళి చూసి, సరైనదేనని నిర్ధారించి పంపింది. పని తన చేతుల్లోంచి తప్పులేకుండా పోతుంటే ఆమెకి కాస్త ఊపిరాడింది.

ఇంటికొచ్చేసరికి భోజనాల బల్ల మీద నోటీసు ఉంది. నలభై రెండు రోజుల్లో ఖాళీ చెయ్యాలి. కింద శ్రీనివాసమూర్తి గారి సంతకం ఉంది, తేదీ కూడా ఉంది. అక్కడ ఆయనకి కాగితం గుర్తొచ్చింది.

ఎండ ఇంకా వంటింట్లో పడుతోంది. రవి స్టవ్ దగ్గర చారు పెడుతున్నాడు. ఆంటీ ఇచ్చిన కరివేపాకు పోపులో వేశాడు, ఇల్లంతా ఆ వాసన. సిరి బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది. నిరుపమ బ్యాగు తగిలించింది, కౌంటరు దాకా నడిచింది, ఎక్కి కూర్చోలేదు. కంచాలు తీసింది.

నాలుగు రోజులుగా వాళ్ళ మధ్య ఉప్పు అందుకో, సిరి జాకెట్టు ఎక్కడ అనేవే మాటలు. రవి గరిటె తిప్పుతూనే రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. చివరికి ఆమె వైపు తిరిగి, ఎప్పటి గొంతు తెచ్చుకుని అడిగాడు.

"ఇవాళ క్యాప్సికం ఎంతుంది?"

సిరి కూడా తలెత్తి చూసింది. దానికీ ఆ ప్రశ్న అలవాటే.

నిరుపమ నవ్వింది. బ్రూస్‌కి నవ్వినట్టే, మర్యాదగా నవ్వింది.

"ఆ వివరాలు బయట చెప్పకూడదు రవీ."

అతను కాసేపు చూశాడు, ఆమె ఇంకేమైనా అంటుందేమోనని. ఆమె కంచాలు సర్ది, సిరి కంచంలో అన్నం పెట్టి, చారు గిన్నె కోసం చెయ్యి చాపింది.